మూర్ఛ మందుల రక్త స్థాయి పరీక్ష (పిల్లల్లో)

మూర్ఛ (జనవ్యవహారంలో ఫిట్స్, ఆయుర్వేదంలో అపస్మారం) ఉన్న పిల్లల రక్తంలో వారు వాడే మందు ఎంత గాఢతలో ఉందో కొలిచే పరీక్ష ఇది. మోతాదు చాలుతోందా, మించిందా, అసలు మందు క్రమంగా వేస్తున్నారా అన్న సందేహాలు తీర్చుకోవడానికి వైద్యులు దీన్ని చేయిస్తారు.

చరిత్ర: ఫిట్స్‌ను ఆపే ఫినోబార్బిటాల్ గుణాన్ని 1912లో హాప్ట్‌మన్, ఫినిటాయిన్ గుణాన్ని 1938లో మెరిట్, పుట్నమ్ వెల్లడించారు. స్థాయి పరీక్షకు ఆరంభం 1960లో డెన్మార్క్‌లో బుక్టాల్ బృందం ప్రచురించిన పరిశోధన అని కొందరు, 1964 నాటి కుట్ బృందం పని అని మరికొందరు అంటారు. కాలక్రమంలో మొదటిదే ముందు. అయితే ఫినిటాయిన్ స్థాయి మిల్లీలీటరుకు సుమారు 20 మైక్రోగ్రాములు దాటితే కళ్లు అదరడం, 30 దాటితే తూలడం, 40 దాటితే మగత అన్న వరుసను తేటపరిచింది కుట్ బృందమే. 1968 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫినిటాయిన్ క్యాప్సూళ్లలో కలిపే పూరక పదార్థాన్ని కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కు మార్చడంతో, మోతాదు మారకుండానే చాలామందిలో విషలక్షణాలు కనిపించాయి. మందు కంపెనీ మారినప్పుడు స్థాయి చూడాలనే వాదానికి ఇదొక ఆధారం.

ప్రమాణాలు: అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక సంఘం 2008 మార్గదర్శకాల ప్రకారం మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో ఫినిటాయిన్ (ఎప్టాయిన్) 10–20, ఫినోబార్బిటాల్ (గార్డినాల్) 10–40, కార్బమాజెపిన్ (టెగ్రెటాల్) 4–12, వాల్‌ప్రోయేట్ (వాల్పారిన్) 50–100. ఇవి సూచక పరిధులే. ఇంతకంటే తక్కువ స్థాయిలోనే ఫిట్స్ ఆగిన పిల్లలకు అంకె కోసం మోతాదు పెంచనక్కర్లేదు.

పిల్లల ప్రత్యేకత: నవజాత శిశువుల్లో మందు నెమ్మదిగా విసర్జితమవుతుంది. తర్వాతి ఏళ్లలో బరువును బట్టి చూస్తే పెద్దల్లో కంటే త్వరగా ఖర్చవుతుంది. బిడ్డ ఎదిగి మోతాదు పాతదే ఉంటే స్థాయి పడిపోతుంది. ఫినిటాయిన్‌ది మరో చిక్కు: కాలేయం దాన్ని విరిచే శక్తి ఒక హద్దుకు చేరాక మోతాదు కొద్దిగా పెంచినా స్థాయి అమాంతం పెరుగుతుంది. పోషకాహార లోపంతో అల్బుమిన్ (మందు అంటిపెట్టుకునే రక్త ప్రోటీన్) తగ్గిన బిడ్డలో మొత్తం స్థాయి తక్కువగా కనిపించినా, పనిచేసే భాగం సరిపడా ఉండవచ్చు. ద్రవరూపంలోని ఫినిటాయిన్‌ను సీసా ఊపకుండా పోస్తే మొదట పలచగా, చివర చిక్కగా అందుతుంది. క్షయ మందుల్లో ఐసోనియాజిడ్ ఫినిటాయిన్ స్థాయిని పెంచుతుంది, రిఫాంపిసిన్ తగ్గిస్తుంది.

భిన్నాభిప్రాయాలు: అందరికీ నిర్ణీత గడువుల్లో పరీక్ష చేయాలన్నది పాత పద్ధతి. ఇటలీలో కొత్తగా మూర్ఛ నిర్ధారణ అయిన 180 మందిపై జరిగి 2000లో వెలువడిన అధ్యయనంలో, స్థాయి చూస్తూ మోతాదు సవరించిన వారికీ మిగిలినవారికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2007 నాటి కాక్రేన్ సమీక్ష కూడా రివాజుగా చేసే పరీక్షకు గట్టి ఆధారం లేదనే తేల్చింది. ఫిట్స్ ఆగనప్పుడు, విషలక్షణాలు కనిపించినప్పుడు, మందులు కలిసినప్పుడు చేయడమే సబబుగా తోస్తుంది. ఫినిటాయిన్ విషయంలో మాత్రం పరీక్ష అవసరం ఎక్కువగానే పడుతుంది. లెవెటిరాసెటామ్ అనే మందుకు సాధారణంగా అక్కర్లేదు.

నర్మెట్ట పరిసరాలు: తెలంగాణలో పూర్వపు వరంగల్ జిల్లాలోని నర్మెట్ట మండలం 2016 అక్టోబరు 11న జనగామ జిల్లాలో చేరింది. ప్రభుత్వ వైద్య కళాశాలలు మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిల్లో 2023లో మొదలయ్యాయి. పిల్లల జబ్బులను గుర్తించేందుకు 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో ఫిట్స్ జబ్బులూ ఉన్నాయి. అయినా మందు స్థాయి పరీక్ష అన్ని ప్రయోగశాలల్లో జరగదు కనుక పెద్ద ఆసుపత్రులున్న వరంగల్‌కో హైదరాబాద్‌కో వెళ్లవలసి రావచ్చు. వాల్‌ప్రోయేట్, కార్బమాజెపిన్‌లకు ఉదయపు మోతాదుకు ముందే రక్తం తీయాలి. ఇంట్లో గోలి మింగించి బస్సెక్కితే ఆ అంకె అక్కరకు రాదు. రక్తం ఇచ్చిన వెంటనే వేయడానికి గోలిని వెంట తెచ్చుకోవాలి.