ధవళేశ్వరము కొండ: యాత్రికులు, కూలీలు, సువార్త

గోదావరి డెల్టాలో క్రైస్తవ్య చరిత్రను చెప్పేటప్పుడు, మన పితరులు గుళ్ళను, తీర్థయాత్రలను విడిచిపెట్టి ప్రభువు నొద్దకు వచ్చారని ప్రసంగాలలో అలవాటుగా అంటూ ఉంటాము. కొందరి విషయంలో ఇది నిజమే. కీర్తనకారులు పురుషోత్తమ చౌదరిగారు బ్రాహ్మణ కుటుంబములో పుట్టినవారు. గుడి వారికి పరాయిది కాదు. వారు విడిచిపెట్టినది తమ చేతిలో ఉన్నదానినే. అయితే డెల్టా సంఘాలలో అత్యధికుల పితరుల విషయంలో ఈ మాట నిలుస్తుందా? ధవళేశ్వరమును ఆధారము చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించాలని మా ఉద్దేశము.

మొదట యాత్రికుని సంగతి చూద్దాము. రాజమండ్రికి దిగువన, గోదావరి పాయలుగా చీలే చోటికి దగ్గరలో ధవళేశ్వరము ఉన్నది. నదికి ఎదురుగా కొండ, కొండ మీద జనార్దనస్వామి ఆలయము. నారదుడు గోదావరి తీరములో తొమ్మిది చోట్ల జనార్దనుని ప్రతిష్ఠించాడనీ, ఆ వరుస ధవళేశ్వరముతో మొదలై కోటిపల్లితో ముగుస్తుందనీ స్థలపురాణము చెబుతుంది. రామపాదాల రేవు అనే పేరులో రామునికి సంబంధించిన నమ్మకము నిలిచి ఉన్నది. యాత్రికుడు రేవులో మునిగి, మెట్లెక్కి, దర్శనము చేసుకొని, తీర్థప్రసాదాలు పుచ్చుకొని దిగుతాడు. బిడ్డకు జబ్బు తగ్గితే వస్తానని మొక్కినవారు, చనిపోయిన తండ్రికి పిండము పెట్టవచ్చినవారు, ఏ కోరికా లేక వచ్చినవారు కూడా ఆ మెట్ల మీద ఉంటారు. వారి విశ్వాసముతో మనము ఏకీభవించము. కాని వారి ఆర్తి నకిలీది కాదు. పందొమ్మిదవ శతాబ్దపు మిషనెరీ నివేదికలలో ఈ యాత్రికుడు తరచుగా పేరులేని మూఢునిగా కనిపిస్తాడు. ఆ నివేదికలు ఇక్కడివారి కోసము వ్రాసినవి కావు, సముద్రానికి ఆవల చందాలు ఇచ్చేవారి కోసము వ్రాసినవి. ఈ సంగతి మరచి వాటి భాషనే మన పుల్పిట్లు అరువు తెచ్చుకున్నాయి.

ఇక కొండకు రెండవ ముఖము. 1833 నాటి కరవు తెలుగు జిల్లాలను ఖాళీ చేసిన తరువాత, గోదావరి నీళ్ళను కాలువలలోకి మళ్ళించాలని ఆర్థర్ కాటన్ దొర 1840లలో నివేదికలు పంపారు. 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డముగా కట్టిన ఆ గోడకు కావలసిన రాయిని ధవళేశ్వరము కొండలలోనే కొట్టారు. రాయిని మోయడానికి ఇక్కడ వేసిన పట్టాలు మన దేశములోని మొట్టమొదటి రైలుదారులలో లెక్కకు వస్తాయి. బొంబాయి నుండి ఠాణాకు 1853లో ప్రయాణికుల రైలు నడవడానికి ముందే ధవళేశ్వరములో బండ్లు పట్టాల మీద దొర్లాయి! వేలాది కూలీలు పని చేశారు. అందరూ ఒక్క కులమువారు కారు. రాతిపనికి, మట్టిపనికి తరతరాలుగా అలవాటుపడినవారు, డెల్టా పల్లెల నుండి వచ్చిన మాల, మాదిగలు వారిలో ఉన్నారు.

ఈ కూలీల మధ్యకు సువార్త ఎవరి ద్వారా వచ్చిందన్నది గమనించదగినది. 1836లో ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్‌తో కలిసి ఓడ ఎక్కి, మచిలీపట్నములో కొంతకాలము ఉండి, తరువాత నరసాపురములో స్థిరపడిన విలియం బౌడెన్, జార్జి బీర్ గార్లు ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు సామాన్యులు. బౌడెన్‌గారిది రాతిపని. బీర్‌గారిది చెప్పులు కుట్టే పని. మన దేశములో చెప్పులు కుట్టేవానిని గుడి ఛాయలకు రానివ్వని కాలమది. ఇక్కడ అదే పని చేసినవాడు దేవుని వాక్యము చేతబట్టుకొని వచ్చాడు. ఇంగ్లీషు ఎరుగని కూలీకి వీరి వేదాంతము ఎంత అర్థమైందో చెప్పలేము గాని, చేతిలో కాయలున్న బోధకుని గుర్తుపట్టడము కష్టము కాదు. అప్పటికే 1845 నుండి రాజమండ్రిలో జర్మను లూథరను మిషను ఉన్నది. అయినా డెల్టా పల్లెలలో విత్తనము చల్లినది ఎక్కువగా నరసాపురము, పాలకొల్లు వైపునుండి వచ్చిన ఈ మిషనే.

ఆ కూలీలలో ఎంతమంది కొండ మెట్లెక్కి జనార్దనుని దర్శించగలరు? అంటరానివారని పిలువబడినవారికి నాటి పెద్ద ఆలయాలన్నింటిలాగే ఆ మెట్లూ లేవు. కొండ రాయి వారి చేతుల మీదుగా దిగింది. కొండ మీదికి వారు ఎక్కలేదు. రాజమండ్రి అప్పుడున్న మద్రాసు రాజ్యములో ఆలయ ప్రవేశ హక్కు చట్టముగా వచ్చినది 1947లో, అంటే ఆనకట్ట పూర్తయిన 95 సంవత్సరాలకు.

ప్రభుత్వము ఈ విషయములో నిర్లిప్తముగా ఉన్నదని కూడా అనలేము. 1817 రెగ్యులేషనుతో మద్రాసు రెవిన్యూ బోర్డు ఆలయాల పెత్తనము చేతికి తీసుకున్నది. తిరుపతి వంటి చోట్ల యాత్రికుల మీద పన్ను కంపెనీ ఖజానాకు చేరేది. రథాలు లాగడానికి పల్లెల జనాన్ని అధికారులే తోలుకువచ్చేవారు. దీనికి విరోధముగా 1836లో మద్రాసులోని క్రైస్తవులు విన్నపము పంపారు. సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్‌లాండ్ ఈ వివాదములోనే 1838లో పదవి వదులుకున్నారు. ఆ పోరాటమును మనము గర్వముగా చెప్పుకుంటాము. కాని దానిలో వినబడిన ముఖ్య ప్రశ్న క్రైస్తవ అధికారి మనస్సాక్షిని గురించినది. లోపలికి రానివ్వని దేవుని రథాన్ని బలవంతముగా లాగవలసి వచ్చిన పేదవాని మనస్సాక్షిని గురించి మాట్లాడినవారు తక్కువ.

గోడ బయటి భక్తుడు తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. పదహారవ శతాబ్దములో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో చెప్పిన మాలదాసరి తెల్లవారుజామున ఆలయానికి వెళ్ళి, వెలుపలనే నిలిచి విష్ణువును కీర్తిస్తాడు. నాలుగు శతాబ్దాలకు, 1941లో, క్రైస్తవ గృహములో పుట్టిన గుర్రం జాషువాగారు గబ్బిలము వ్రాశారు. అందులో అంటరాని పేదవాడు తన మొర శివునికి చేర్చడానికి గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి లేని ప్రవేశము ఆ గబ్బిలానికి ఉన్నది. ఈ రెండు కావ్యాలను సెమినరీ విద్యార్థులు తెలుగు పాఠముగా మాత్రమే చదువుతున్నారు. సంఘచరిత్రగా కూడా చదవాలని మా అభిప్రాయము.

కాబట్టి డెల్టా సంఘాల పితరులలో ఎక్కువమంది తీర్థయాత్రను విడిచిపెట్టలేదు. అది వారికి ఇవ్వబడనే లేదు. వారు విడిచినవి వేరే ఉన్నాయి: ఊరి అమ్మవారి జాతరలు, మొక్కుబడులు, గురువుల వద్ద పొందిన ఉపదేశాలు. వాటిని విడువడము చిన్న సంగతి కాదు, అది ప్రత్యేకముగా వ్రాయవలసిన చరిత్ర. గోడ బయట నిలిచిన ఈ అనుభవము తరువాత మన మందిరాలలోకీ వచ్చింది. ఒకే సంఘములో వేర్వేరు బల్లలు, వేర్వేరు పాత్రలు ఉన్న రోజులను మన పెద్దలు ఎరుగుదురు.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములోని ఐతియొపీయుడు యాత్రికుడే. ఆరాధించడానికి యెరూషలేముకు అంత దూరము వెళ్ళాడు. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము ప్రకారము నపుంసకునికి యెహోవా సమాజములో చోటు లేదు. ఏ ఆవరణము దగ్గర ఆపివేయబడ్డాడో లూకా చెప్పడు. తిరుగు ప్రయాణములో ఫిలిప్పు అతని రథము ఎక్కి, యాత్ర వ్యర్థమని ఎగతాళి చేయలేదు. అతడు చదువుతున్న లేఖనము దగ్గరనే మొదలుపెట్టాడు. పుష్కరాల కాలములో గోదావరి రేవులలో కరపత్రాలు పంచిన పద్ధతిని ఈ అధ్యాయము పక్కన పెట్టి చూడాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రకటిత పుణ్యక్షేత్రాలలో అన్యమత ప్రచారాన్ని చట్టముతో నిషేధించింది. చట్టము వచ్చినందువల్ల మానుకోవడము వేరు, ఫిలిప్పును చూసి మానుకోవడము వేరు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాటులో తొక్కిసలాటలో ప్రాణాలు పోయినవారు కూడా యాత్రికులే.

గోదావరి స్నాన సంకల్పములో కాటన్ దొరను స్మరించే శ్లోకము ఈ ప్రాంతపు బ్రాహ్మణులలో ప్రచారములో ఉన్నది. ఒక క్రైస్తవునికి యాత్రికులు ఇచ్చిన గౌరవమది. రాయి మోసినవారిని స్మరించే శ్లోకము హిందువులలోనూ లేదు, మన కీర్తనలలోనూ లేదు. వారి పేర్లు దొరికే చోటు బహుశా ఒక్కటే: పాత సంఘాల బాప్తిస్మపు పుస్తకాలు. ఊరి పేరు, తండ్రి పేరు, పని వ్రాసిన పుస్తకాలు ఎక్కడైనా మిగిలి ఉంటే, చెదలు పట్టకముందే విద్యార్థులు వాటిని చూసి ప్రతి తీయాలి. కొండ రాళ్ళ పనికి వెళ్ళిన ముత్తాతల సంగతి ఇంటిలో విన్న వృద్ధులు డెల్టా పల్లెలలో ఇంకా కొందరున్నా, ముందు వారి వద్దకే వెళ్ళాలి.