జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల: పట్టణ విస్తరణ

పాత కరీంనగర్ జిల్లాలోని మూడు పట్టణాలు. 2016 అక్టోబరు 11న జగిత్యాల, సిరిసిల్ల జిల్లా కేంద్రాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. 2011 లెక్కల్లో జగిత్యాల జనాభా లక్షకు దగ్గర, కోరుట్లది 66 వేల పైచిలుకు.

మూడింటి పెరుగుదల ఒక తీరుగా లేదు. కోరుట్ల, జగిత్యాలల్లో గల్ఫ్ సంపాదన ఇళ్ల స్థలాల్లోకి మళ్లింది. మగవాళ్లు దుబాయి పోతే ఇంటిదగ్గర ఆడవాళ్లు బీడీలు చుట్టారు. మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్లను పెంచినవి మరమగ్గాలు. బి.వై. నగర్ వంటి నేత కార్మిక వాడల్లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్యే కాపురాలు. వీటిని మురికివాడలనడం సగం నిజమే, అవి పని చోట్లు కూడా. కార్మికుణ్ణి ఊరవతలికి పంపితే పనికి దూరమవుతాడు. 2021 జులైలో సిరిసిల్ల దగ్గరి మండెపల్లిలో 1,320 ప్రభుత్వ డబుల్ బెడ్‌రూం ఇళ్లు ప్రారంభించినప్పుడూ ఈ దూరం ప్రశ్న ఉంది. ఆ సెప్టెంబరు వానలకు సిరిసిల్లలో కొత్తచెరువు పొంగి శాంతినగర్ వాడ మునిగింది. చెరువు నీళ్లు పోయే దారిలో ఇళ్లు కడితే జరిగేది అదే.

జగిత్యాలలో గొడవ మాస్టర్ ప్లాన్ మీద వచ్చింది. ముసాయిదాలో తమ పొలాలు వేరే అవసరాలకు చూపారని చుట్టుపక్కల గ్రామాల రైతులు 2023 జనవరిలో రోడ్డెక్కారు. పురపాలక సంఘం ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. అదే నెలలో కామారెడ్డిలోనూ ఇలాగే జరిగింది.