గేటు బయట మనం

మన గూడెం పెద్దాయన ఒకరు భూమి కాగితం పట్టుకుని ఒక ఆఫీసుకు వెళ్లాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఏదో అడిగాడు. తాత గోండీలో బదులిచ్చాడు. అతనికి గోండీ రాదు. తాత సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చుని తిరిగొచ్చాడు. ప్రతి తాత వెంటా ఒక పంతులు వెళ్లగలడా?

ఈ గేటు కథ పాతది. అడవి భూమి గోడు చెప్పుకోవడానికి కొమరం భీం హైదరాబాదు దాకా వెళ్లాడని, నిజాం దర్శనం దొరకలేదని మన పెద్దలు చెబుతారు. 1940లో జోడేఘాట్ దగ్గర పోలీసు కాల్పుల్లో ఆయన అమరుడయ్యాడు. ఆ తర్వాతే సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మన ఊళ్లకు పంపింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు ఆయన చొరవతోనే మొదలైంది. ఆదివాసీ ఆఫీసుకు రాలేకపోతే ఆఫీసరే జాతరకు రావాలన్నది అందులోని ఆలోచన. మెస్రం వంశస్థుల పూజలు జరిగే ఆ చోట అధికారులు నేటికీ మన అర్జీలు తీసుకుంటున్నారు.

కాపలా వద్దని మేం అనం. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి వరుసగా మూడు రోజుల్లో తుపాకులు పట్టుకెళ్లింది. ఆయుధాలు, రికార్డులు ఉన్నచోట కాపలా పెట్టక తప్పదు. కానీ మన్యంలో రోడ్డు పనుల వెట్టి గురించి, పోడుపై ఆంక్షల గురించి జనం మొర ముందే విని ఉంటే, దాడి దాకా వచ్చేదా?

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు అనుమతి లేదన్నారు. అది సంత రోజు. ఆ సంగతి తెలియని జనం ఎందరో కొండల మీంచి దిగి వచ్చారు. సర్కారు లెక్కల ప్రకారమే 13 మంది కాల్పుల్లో చనిపోయారు. శాంతిభద్రతల పేరుతో మాట ఆపితే ఏమవుతుందో అక్కడి స్తూపం చెబుతుంది.

2023 డిసెంబరులో హైదరాబాదులో ముఖ్యమంత్రి అధికార భవనం ముందున్న ఇనుప కంచెలు తీసేశారు. మరుసటి రోజే జనం అర్జీలతో లోపలికి వెళ్లారు. కంచె తీయడం ఒక్క రోజు పని. విని, పని చేసిపెట్టడం రోజూ ఉండే పని.

అందుకే మేం అడిగేది కొంచెమే. సంచి వెతకండి, పేరు రాసుకోండి. కానీ గేటు దగ్గర గోండీ, కోలామీ తెలిసిన ఒక మనిషిని పెట్టండి. కూర్చోవడానికి బల్ల వేయండి. అర్జీ తీసుకున్నట్టు రశీదు ఇవ్వండి.

పిల్లలూ, చదువుకున్న మీరు రేపు ఆ గేటు లోపల కుర్చీలో కూర్చుంటారు. అప్పుడు చెట్టు కింది తాతను ముందు పిలవండి.