హార్స్ రైడింగ్: ఊళ్లో గుర్రం దొరుకుతుంది సరే.. నేర్పేవాళ్లెక్కడ? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి!

2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో భారత డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం కొట్టింది. ఆసియా క్రీడల గుర్రపు స్వారీలో మన దేశానికి బంగారు పతకం రావడం 41 ఏళ్ల తర్వాత అదే. ఆ జట్టులోని సుదీప్తి హజేలాది ఇండోర్, అనుష్ అగర్వాలాది కోల్‌కతా. ఇద్దరూ పెద్ద నగరాల వాళ్లే, పైగా యూరప్ వెళ్లి శిక్షణ తీసుకున్నవాళ్లు. మరి మండల కేంద్రంలోనో, పల్లెటూళ్లోనో ఉంటూ పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పిద్దాం అనుకునేవాళ్ల సంగతేంటి? హైదరాబాద్ శివార్లలో మొయినాబాద్ వైపు వెళ్తే రైడింగ్ స్కూళ్లు కనిపిస్తాయి. ఊళ్లో మాత్రం ఎవరిని అడగాలో కూడా తెలియదు. చివరికి పెళ్లి ఊరేగింపుకి గుర్రం తెచ్చే వ్యక్తి నంబర్ చేతికొస్తుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

లైసెన్స్ అంటూ ఏమీ లేదు

కారు డ్రైవింగ్ స్కూల్ పెట్టాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. గుర్రపు స్వారీ నేర్పడానికి మన దగ్గర అలాంటి సర్కారు లైసెన్స్ ఏదీ లేదు. గుర్రం ఉన్నవాళ్లు ఎవరైనా బోర్డు పెట్టేయొచ్చు. కాబట్టి కోచ్ మంచివాడా కాదా అన్నది చూసుకోవాల్సింది పూర్తిగా తల్లిదండ్రులే.

పైగా బాగా స్వారీ చేసేవాళ్లంతా బాగా నేర్పలేరు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని కొండ గ్రామాలకు ఇప్పటికీ గుర్రాల మీదే సరుకులు వెళ్తుంటాయి. అక్కడి కుర్రాళ్లు జీను లేకుండానే ఎక్కి కూర్చుంటారు. వాళ్ల నేర్పు గొప్పదే. కానీ అది చిన్నప్పటి నుంచి ఆ గుర్రంతోనే పెరగడం వల్ల వచ్చింది. భయంతో బిగుసుకుపోయిన పదేళ్ల పిల్లను కొత్త గుర్రం మీద కూర్చోబెట్టి, ఆ భయం పోగొట్టడం వేరే పని.

మరి ఎవరిని అడగాలి?

ముందుగా అడగాల్సింది మండలంలోని పశువుల డాక్టర్‌ని. చుట్టుపక్కల ఎవరి దగ్గర గుర్రాలు ఉన్నాయి, ఎవరు బాగా చూసుకుంటారు, ఎవరి గుర్రం ఎప్పుడూ పుండ్లతో వస్తుంది.. ఇవన్నీ ఆయనకు తెలుస్తాయి. గుర్రాలకు లాడాలు కొట్టే వ్యక్తి దొరికితే ఇంకా మంచిది. ఏ గుర్రం కాలు ఎత్తనిస్తుందో, ఏది తంతుందో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు. ఫోన్‌లో ‘నా దగ్గర హార్స్ రైడింగ్‌కు సమీపంలో’ అని వెతికే కంటే ఈ ఇద్దరినీ కలవడం వెయ్యి రెట్లు నయం.

రెండో దారి రిటైర్డ్ ఉద్యోగులు. హైదరాబాద్ గోషామహల్‌లో పోలీసుల అశ్వదళం ఉంది. శివరాంపల్లిలోని జాతీయ పోలీస్ అకాడమీలో ఐపీఎస్ ట్రైనీలకు గుర్రపు స్వారీ శిక్షణలో భాగం. ఆర్మీలో రీమౌంట్ వెటర్నరీ కోర్, జైపూర్‌లోని 61వ అశ్వికదళం ఉన్నాయి. ఇలాంటి చోట్ల పనిచేసి సొంతూరు చేరినవాళ్లు ఉంటే, కొత్తవాళ్లకు అడుగడుగునా ఎలా నేర్పాలో వాళ్లకు అలవాటై ఉంటుంది. మాజీ సైనికుల సంఘాల్లో అడిగి చూడొచ్చు.

కాలేజీ పిల్లలకైతే ఎన్‌సీసీ ఉంది. అందులో రీమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం క్యాడెట్లకు గుర్రపు స్వారీ నేర్పుతారు. ఈ యూనిట్లు సాధారణంగా వెటర్నరీ కాలేజీలకు అనుబంధంగా ఉంటాయి.

ఎవరైనా సర్టిఫికెట్ చూపిస్తే, అది ఎవరిచ్చారో చదవండి. దేశంలో ఈ ఆటను చూసేది ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. దానికి అనుబంధంగా ఉన్న క్లబ్‌లో పనిచేశానని చెబితే ఆ క్లబ్‌కు ఒక్క ఫోన్ కొట్టి కనుక్కోండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ముందు గుర్రాన్ని చూడండి

కోచ్ మాటలు వినేముందు ఆయన గుర్రాన్ని చూస్తే సగం విషయం తెలిసిపోతుంది. జీను తీయించి వీపు చూడండి. పుండ్లు, వెంట్రుకలు రాలిన మచ్చలు ఉన్నాయా? నోటి మూలల్లో కోతలు ఉన్నాయా? గిట్టలు పగిలి పెరిగిపోయాయా? నీడ, నీళ్లు ఉన్నాయా? ముల్లు కళ్లేలు వాడటం 1965 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నిషేధం. అలాంటి కళ్లెం కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. నొప్పితో ఉన్న గుర్రం ఎప్పుడు విదిలిస్తుందో ఎవరూ చెప్పలేరు.

పెళ్లి గుర్రాలతో ఇంకో సమస్య. డప్పు చప్పుడు వినగానే ముందు కాళ్లు ఎత్తేలా కొన్నింటిని అలవాటు చేస్తారు. పక్క వీధిలో బ్యాండ్ మోగితే, పైన కూర్చున్నది మీ అబ్బాయి అని దానికి తెలియదు కదా! రేసుల నుంచి తప్పించిన గుర్రాలూ అంతే. పరుగే దానికి నేర్పిన పని. మళ్లీ ఓపిగ్గా తర్ఫీదు ఇస్తే తప్ప కొత్తవాళ్లకు పనికిరాదు.

బరువు లెక్క కూడా ఉంది. స్వారీ చేసే మనిషి, జీను కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. అంటే 350 కిలోల గుర్రానికి 70 కిలోలు. పిల్లలతో పాటు ‘నేనూ నేర్చుకుంటా’ అనే నాన్నలు ఒకసారి ఆలోచించుకోవాలి.

గ్లాండర్స్ పరీక్ష చేయించారా అని తప్పకుండా అడగండి. గుర్రాలకు వచ్చే ఈ ప్రాణాంతక జబ్బు మనుషులకూ సోకుతుంది. దీనికి టీకా లేదు. జబ్బు తేలిన గుర్రాన్ని చంపేయాల్సిందే. హరియాణాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ పరీక్షలు చేస్తుంది. మీ వైపు నుంచి పిల్లలకు ధనుర్వాతం టీకా వేయించి ఉండాలి.

మొదటి క్లాస్‌లోనే తేలిపోతుంది

తెలిసిన కోచ్ మొదటిరోజే గుర్రం ఎక్కించేయడు. దగ్గరికి ఎలా వెళ్లాలో ముందు చెబుతాడు. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది కానీ సరిగ్గా వెనకాల కనిపించదు. అందుకే పక్క నుంచి, భుజం వైపు నుంచి, మాట్లాడుతూ వెళ్లాలి. తర్వాత ఒళ్లు తోమడం, నడిపించడం. ఎక్కించాక కూడా పొడవైన తాడు కోచ్ చేతిలోనే ఉంటుంది. ఆయన మధ్యలో నిలబడితే గుర్రం చుట్టూ నెమ్మదిగా నడుస్తుంది. చాలా రోజులు ఇదే. చూడ్డానికి బోర్ కొడుతుంది, రీల్‌కు అస్సలు పనికిరాదు. కానీ బ్యాలెన్స్ వచ్చేది ఇక్కడే. మొదటి వారంలోనే దౌడు తీయిస్తానని చెప్పేవాడిని నమ్మకండి.

పల్లె పిల్లలకు ఒక అలవాటు ఉంటుంది.. ఎద్దు పగ్గం చేతికి చుట్టుకోవడం. గుర్రం దగ్గర అది చాలా ప్రమాదం. అది బెదిరి పరుగెత్తితే చెయ్యి తాడులో ఇరుక్కుని మనిషిని ఈడ్చుకుపోతుంది. ఇది మొదటి రోజే చెప్పని కోచ్‌కు డబ్బు కట్టొద్దు.

హెల్మెట్ విషయంలో రాజీ లేదు. బైక్ హెల్మెట్ దీనికి సరిపోదు, రైడింగ్ హెల్మెట్టే కావాలి. చిన్న మడమ ఉన్న బూట్లు వేసుకోవాలి. లేదంటే పాదం రికాబులోంచి జారి ఇరుక్కుంటుంది. చెప్పులు, శాండల్స్‌తో అస్సలు ఎక్కొద్దు. అమ్మాయిలు చున్నీ తీసేయాలి. ‘సూపర్‌మ్యాన్’ నటుడు క్రిస్టోఫర్ రీవ్ 1995లో గుర్రం మీంచి పడి మెడ కింద నుంచి చచ్చుబడిపోయారు. అప్పుడు ఆయన తలకు హెల్మెట్ ఉంది. రక్షణ సామగ్రి ఉన్నా ఇలా జరగొచ్చంటే, అది కూడా లేకుండా ఎక్కించడం ఎంత పొరపాటో ఆలోచించండి.

దగ్గర్లో ఎవరూ దొరక్కపోతే

వీడియోలు చూసి సొంతంగా నేర్చుకునే ప్రయత్నం మాత్రం వద్దు. సెలవుల్లో నగరంలోని స్కూల్‌లో పది పదిహేను రోజులు నేర్చుకుని, ఊళ్లో నెమ్మదైన గుర్రం మీద పెద్దవాళ్ల సమక్షంలో సాధన చేయడం మేలు. ఆ సాధనను ఫోన్‌లో తీసి కోచ్‌కు పంపితే, మడమ పైకి లేస్తోందా, వెన్ను వంగుతోందా అన్నది ఆయన చూసి చెబుతారు. నాలుగైదు కుటుంబాలు కలిస్తే కోచ్‌నే నెలకు రెండుసార్లు రప్పించుకోవచ్చు. దారి ఖర్చులు పంచుకుంటారు కాబట్టి భారం ఉండదు.

నెల ఫీజు మొత్తం ముందే కట్టకండి. రెండు మూడు క్లాసులు చూసి మాట్లాడుకోండి. పిల్లలు చిన్నవాళ్లైతే క్లాస్ అయ్యేవరకు ఇంట్లోవాళ్లు ఒకరు అక్కడే ఉండాలి. వద్దనే కోచ్ అయితే ఆ కోచే వద్దు. వేసవిలో తెల్లవారుజామునే క్లాస్ పెట్టించండి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు జంతువులతో బరువు మోయించకూడదని కూడా ఆ 1965 నిబంధనల్లోనే ఉంది.

ఎవరైనా కింద పడి మెడ నొప్పి అన్నా, కాళ్లు చేతులు తిమ్మిరిగా ఉన్నాయన్నా లేపి కూర్చోబెట్టకండి, హెల్మెట్ లాగకండి. ఉన్నచోటే కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. గుర్రానికి దెబ్బ తగిలితే పశువైద్య అంబులెన్స్ నంబర్ 1962.