శివారు ఇంటికి నెట్టు

మా దివిసీమలో పొలం బేరానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది, "శివారా అండీ?" అని. కాలవ చివరన ఉన్న భూమికి నీళ్ళు ఆఖరున వస్తాయి, అదీ పైవాళ్ళు వదిలితే. 2020లో మా అమ్మాయికి ఇంటర్ ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాకే నాకు తెలిసింది, మా ఇల్లు నెట్టుకి కూడా శివారే అని.

ఈ తీగల కథ మా అత్తయ్యగారి దగ్గర మొదలుపెట్టాలి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు స్తంభాలన్నీ పడిపోయాయి. నాగాయలంక వైపు ఇచ్చిన అక్క బతికుందో లేదో ఆవిడకి తెలీదు. ఆరో రోజున ఒకాయన బురదలో నడిచొచ్చి "ఉందమ్మా" అని చెబితే, అప్పుడు పొయ్యి వెలిగించారట. అందుకే నెట్టు పోయిందని నేను విసుక్కుంటే ఆవిడ నవ్వుతారు. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండుతుంది కానీ, తిరిగి ఏమీ అనలేను.

ఆ తర్వాత ట్రంకాల్, ఎస్టీడీ బూతు అందరికీ తెలిసినవే. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం తెచ్చి, 256 కిలోబిట్ల వేగం ఉంటే చాలు, అది బ్రాడ్‌బ్యాండే అంది. ఆ వేగంతో అమ్మాయి లెక్కల మాస్టారి ముఖం కూడా సరిగ్గా కనపడదు! అప్పట్లో అది ఫోను రాగితీగ మీదే వచ్చేది. ఎక్స్ఛేంజి నుంచి దూరమయ్యే కొద్దీ వేగం తగ్గేది. వాన పడి తీగ అతుకుల్లోకి నీళ్ళు దిగితే గరగర. ఇక్కడా శివారు బాధే.

2011 అక్టోబరులో పంచాయతీలన్నిటికీ ఫైబర్ వేసే పథకానికి ఢిల్లీ ఒప్పుకుంది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. మన రాష్ట్రం మాత్రం నేల తవ్వకుండా వేరే దారి పట్టింది. ఫైబర్ అంటే గాజు పోగు, దాంట్లో కరెంటు పారదు కాబట్టి కరెంటు స్తంభాల మీదే లాగేశారు. తవ్వితే వేల కోట్లయ్యే పని 333 కోట్లతో తేలిపోతుందని లెక్క. 2016 చివర్లో కోనసీమలోని మోరి గ్రామంలో మొదలుపెట్టారు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ గారు ఫైబర్ గ్రిడ్‌ని జాతికి అంకితం చేశారు. నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు అనేసరికి ఊళ్ళో అందరి నోటా అదే మాట.

ఇల్లాలి లెక్కలో చూస్తే అది తెలివైన పొదుపే. కానీ పైన వేలాడే తీగకి పైన వేలాడే కష్టాలు.

మాది ఊళ్ళో ఒకాయన దగ్గర తీసుకున్న కనెక్షన్. పేరెందుకులెండి. ఆ డిసెంబరులో వరిగడ్డి లారీ ఒకటి మా సందులోకి తిరుగుతూ, రోడ్డుకి అడ్డంగా వెళ్ళే మా తీగని తెంపుకుపోయింది. ఫోన్ చేస్తే "రేపొస్తాం మేడం". ఆ రేపు నాలుగు రోజులకి వచ్చింది. గాజు పోగు కదా, కరెంటు వైరులా మెలిపెట్టి టేపు చుడితే కుదరదు. వెంట్రుక మందం పోగుల్ని మెషీన్‌లో పెట్టి కరిగించి అతకాలి. ఆ మెషీన్ ఉన్న కుర్రాడు అవనిగడ్డ నుంచి రావాలి.

ఆ నాలుగు రోజుల్లోనే పిల్లకి ఫిజిక్స్ పరీక్ష. మా ఆయన ఫోను, నా ఫోను పట్టుకుని డాబా మీద, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంది. మధ్యలో సిగ్నల్ పోయి పేజీ ఆగిపోయింది. కిందకి దిగొచ్చి ఒక్క మాట మాట్లాడకుండా పడుకుంది. కాలవకి వంతులు పెట్టినట్టు డేటాకి కూడా వంతులు పెట్టిన నేను, ముందు రోజు రాత్రి సీరియల్ చూసి సగం డేటా అవగొట్టాను. ఆ సంగతి దానికి ఈ రోజుకీ చెప్పలేదు.

తర్వాత రౌటరుకి చిన్న బ్యాటరీ కొన్నాం. కరెంటు పోయినా ఓ రెండు గంటలు వస్తుంది. నెట్టు పోయిన రోజులన్నీ క్యాలెండరులో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, నెలాఖరున బిల్లు కట్టేటప్పుడు ఆయనకి చూపించాను. రెండు నెలలు చూశాక, తీగని ఇంకో మూడడుగులు పైకి కట్టించాడు.

అమ్మాయి ఇప్పుడు విజయవాడ హాస్టల్లో ఉంది. రాత్రి ఎనిమిదింటికి వీడియో కాల్. గడ్డి లారీల రోజులు వస్తే చాలు, అత్తయ్యగారు సాయంత్రం నుంచే కుర్చీ వేసుకుని గేటు దగ్గర కూర్చుంటారు. లారీ కనపడగానే, "ఒరే అబ్బాయ్, ఆపు! పైన మా మనవరాలి తీగుంది!" అని కేకేస్తారు.