దానమునుండి వాణిజ్యమునకు: క్యూబా వైద్యుల పరదేశ సేవ

1959లో విప్లవము జయించునాటికి క్యూబా ద్వీపమున సుమారు 6,000 మంది వైద్యులుండగా, తరువాతి కొలది సంవత్సరములలోనే వారిలో రమారమి సగముమంది దేశమును విడిచి వెడలిపోయిరి. స్వదేశముననే వైద్యులు కొఱవడిన ఆ దినములలో, 1962లో స్వాతంత్ర్యము పొందిన అల్జీరియానుండి ఫ్రెంచి వైద్యులు మూకుమ్మడిగా నిష్క్రమించిరని విని, క్యూబా ప్రభుత్వము మరుసటి యేడు మే నెలలో ఏబదిమందికి పైబడిన వైద్యులను, నర్సులను అచ్చటికి పంపెను. ఆరోగ్యశాఖామాత్యుడైన మచాదో వెంతురాయే ఆ బృందమునకు నాయకుడై వెళ్లెను. ప్రతిఫలము నపేక్షింపక, తన కంచములోని మెతుకులనే పొరుగువానికి పంచినట్లు చేసిన ఆ సహాయమును ఏ చరిత్రకారుడును తక్కువచేసి వ్రాయరాదు. ఇంతటి శుభారంభము గల ఆచారము అరువదియేండ్లు నిండకమునుపే నిర్బంధశ్రమ యను నిందకు గురియగుట ఎట్లు సంభవించెనో విచారింపవలసియున్నది.

అంగోలా, ఇథియోపియా, నికరాగ్వా మొదలగు దేశములకు ఈ సేవ విస్తరించుచుండగా, చమురు గల అంగోలా 1970 దశకపు చివర కొంత మూల్యము చెల్లింప దొడగెను. అయినను ఆ నాళ్లలో క్యూబాకు జీవనాధారము చక్కెర. ఆ చక్కెరను మంచి ధరకు కొని చమురును చౌకగా నిచ్చు సోవియట్ యూనియన్ దానికి అండగా నుండెను. 1991లో ఆ రాజ్యము కూలిపోవుటతో ద్వీపమున దీపములారెను, బస్సులు నిలిచెను, తిండి కరవయ్యెను. అప్పుడు పరదేశమున గిరాకి గల సంపదగా పాలకులకు కనబడినది, మూడు దశాబ్దములు శ్రమించి తాము తీర్చిదిద్దిన వైద్యుల సమూహము. 2000 అక్టోబరులో వెనిజులా అధ్యక్షుడు ఊగో చావెస్‌తో ఫిడెల్ కాస్ట్రో చేసికొన్న ఒడంబడిక ననుసరించి దినమునకు 53,000 పీపాల చమురు క్యూబాకు సరసమైన షరతులపై చేరునట్లు ఏర్పాటయ్యెను. 2003లో వెనిజులాలో 'బారియో అదెంత్రో' పథకము మొదలుకాగా, ఆ చమురునకు బదులుగా వేలకొలది వైద్యులు కరాకస్ కొండవాలు పేదవాడలలో కాపురము పెట్టిరి. ఎఱ్ఱ యిటుకలతో ఎనిమిది పలకలుగా గట్టిన చిన్న మేడ, క్రింద రోగులను చూచు గది, మీద వైద్యుని నివాసము: ఇదియే ఆ పథకమునకు గుర్తు. 2018లో ఆరోగ్యసేవల యెగుమతి వలన వచ్చిన రాబడి సుమారు 640 కోట్ల డాలర్లని క్యూబా గణాంకశాఖయే ప్రకటించెను. ఆ యేట పర్యాటకులవలన వచ్చిన ఆదాయము దీనికంటె చాల తక్కువ.

ఆ మేడపై గదిలో నివసించినవారి బ్రతుకెట్టిది? విమానము దిగినంతనే పాస్‌పోర్టు పై యధికారి వశమయ్యెననియు, చీకటిపడిన పిమ్మట గడప దాటరాదనియు, రాని రోగులను వచ్చినట్లు పట్టీలలో నింపి ఆ లెక్కకు సరిపడ మందులను పారవేయవలసివచ్చెననియు తరువాత విడివడి వచ్చిన పలువురు సాక్ష్యమిచ్చిరి. సాక్ష్యములను శంకించువారికి వ్రాతమూలకమైన ఆధారమును కలదు. 2010 నాటి 168వ సంఖ్య తీర్మానము ప్రకారము, విదేశమున నున్న క్యూబా ఉద్యోగికి ప్రేమబంధ మేర్పడినచో పైవారికి తెలుపవలెను. విప్లవ విరోధులతో చెలిమి చేయరాదు. అనుమతి లేక బహిరంగ సభలలో పాల్గొనరాదు. ఈ నియమములను వెలువరించినది ఆరోగ్యశాఖ కాదు, విదేశ వాణిజ్యశాఖ. పని విడిచిపోయినవారికి ఎనిమిదియేండ్లు స్వదేశ ప్రవేశము నిరాకరింపబడుచున్నది; తల్లి మరణించినను కడసారి చూపునకు నోచుకొనక దుఃఖించినవారు కలరు. 2022 నాటి శిక్షాస్మృతి ఇట్టివారికి మూడునుండి ఎనిమిది సంవత్సరముల కారాగారవాసమును విధించుచున్నది.

ధనము విషయమై బ్రెజిల్ ఉదంతము స్పష్టమైనది. 2013లో ఆ దేశము 'మాయిస్ మెదికోస్' పథకమున ఒక్కొక్క వైద్యునికి నెలకు 10,000 రియాలులు, అనగా నాటి మారకమున నాలుగువేల డాలర్లకు పైబడిన మొత్తము, నిర్ణయించెను. తక్కిన విదేశీయులు ఆ పైకమును తామే యందుకొనిరి. క్యూబా వైద్యుల పైకము మాత్రము అమెరికా ఖండముల ఆరోగ్యసంస్థ ద్వారా క్యూబా ప్రభుత్వమునకు చేరగా, మొదట వారికి చేతికందినది 400 డాలర్లు, స్వదేశపు ఖాతాలో జమయైనది 600 డాలర్లు. ఆక్షేపణలు చెలరేగిన పిదప 2014లో చేతికిచ్చు భాగము పెరిగెను. 2018 నవంబరులో, కాబోవు అధ్యక్షుడు బోల్సొనారో పూర్తి జీతమును వైద్యులకే యీయవలెనని, కుటుంబములను రానీయవలెనని పట్టుపట్టగా, ఆయన మాటలు అవమానకరములని, బెదిరింపులని చెప్పి క్యూబా ఎనిమిదివేలకు పైబడిన వైద్యులను వెనుకకు పిలిచెను. అమెజాన్ అడవుల మారుమూల పల్లెలు వైద్యులు లేక అలమటించెను.

వెట్టి యన్నంతనే మనకు దొరగడి ముంగిట తలవంచి నిలిచిన నిరుపేదయే తలపునకు వచ్చును. చదువును గౌరవమును గల వైద్యుని ఆ వరుసలో నిలుపుట కొందఱకు అతిశయోక్తిగా తోచవచ్చును. వీరిలో పలువురు, ఇంటివద్ద వచ్చు స్వల్పవేతనముతో బ్రతుకు గడవక, తామై కోరి వెళ్లిన మాట నిజము. 2014లో పశ్చిమాఫ్రికాను ఎబోలా కబళించుచున్నప్పుడు 250 మందికి పైబడిన క్యూబా వైద్యులు, నర్సులు ప్రాణములకు తెగించి వెళ్లుటయు నిజము. ఈ రాబడియే స్వదేశమున ఉచితవైద్యమును నిలుపుచున్నదని ఆ ప్రభుత్వము చెప్పు సమాధానమును ఆలోచింపదగినదే. పారిపోయివచ్చినవారికి 2006 నుండి 2017 వరకు ప్రత్యేక ప్రవేశము కల్పించిన అమెరికాకు సైతము కరుణకంటె రాజకీయమే ప్రధానము. అయినను, 1930 నాటి అంతర్జాతీయ కార్మికసంస్థ 29వ ఒడంబడిక నిర్బంధశ్రమను నిర్వచించుచు, ఆ పని శిక్షాభయముచే చేయింపబడినదా, మనఃపూర్వకముగా చేయబడినదా యని మాత్రమే చూచెను. వెళ్లునప్పుడు తలయూపినవానికి మానుకొనునప్పుడు స్వేచ్ఛ లేనిచో ఆ సమ్మతికి విలువ యేమున్నది? 2019లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక నివేదకు లిరువురు ఈ పరిస్థితులు నిర్బంధశ్రమ కాగలవని క్యూబా ప్రభుత్వమునకు వ్రాసిరి.

ప్రజాధనముతో చదివించిన ప్రభుత్వము ఋణము తీర్పుమని యడుగుట న్యాయమే. ఆ ఋణమునకు మేర యుండవలెను. అది పన్నుగానో నియతకాల సేవగానో తీరవలెనేగాని, పాస్‌పోర్టును, బిడ్డలను, కూడబెట్టిన జీతమును పూచీగా పట్టి రాబట్టరాదు. ఈ వైద్యుల సేవను పొందుచున్న దేశములకును ఇందు బాధ్యత కలదు: జీతమును వైద్యుని చేతికే యీయవలెను, కుటుంబమును వెంట రానీయవలెను, ఒప్పందమును విడుచు హక్కును అందులోనే వ్రాయవలెను. రోగికి మేలు చేసినంతమాత్రమున వైద్యునికి చేసిన అన్యాయము మాసిపోదు.