నిజమా? కలయా? – మన సాహిత్యమున అద్భుతము

కృష్ణానది సముద్రమును సమీపించు తావున, ఘంటసాలకు చేరువగా, శ్రీకాకుళమను గ్రామము కలదు. ఉయ్యూరు, మొవ్వ, చల్లపల్లి ప్రాంతములవారికి ఆ యూరు క్రొత్తది కాదు. అచ్చట వెలసిన దేవుడు ఆంధ్ర మహావిష్ణువు. పదునాఱవ శతాబ్దపు తొలినాళ్లలో శ్రీకృష్ణదేవరాయలు కళింగముపై దండెత్తిపోవుచు ఈ సీమకు వచ్చి, ఏకాదశినాడు ఉపవసించి, స్వామిని సేవించెను. ఆ రాత్రి తెల్లవాఱుజామున స్వామి కలలో కనబడి, శ్రీరంగమున జరిగిన తన పెండ్లి కథను తెలుగున చెప్పుమని ఆనతిచ్చెనట. రాయలు మేల్కొని, ఉదయమున కొలువుదీరి, పండితులకు ఆ కల వినిపించెను. ‘ఆముక్తమాల్యద’ పుట్టుక యిది. ఈ మాట చెప్పినవాడు రాయలే.

ఆ కల నిజముగా వచ్చినదా? లేక కావ్యారంభమున కవులు పాటించు మర్యాద మాత్రమేనా? తిక్కనకును కలలో తండ్రి కొమ్మన కనబడెను, హరిహరనాథుడు సాక్షాత్కరించెను. పోతనకు గ్రహణమునాడు గంగ యొడ్డున రామభద్రుడు దర్శనమిచ్చెను. భక్తునకు ఇవి జరిగిన సంగతులు. చరిత్రకారునకు ఇవి కావ్య సంప్రదాయములు. సామాన్య శ్రోత ఈ ఇద్దఱి నడుమ నిలిచి, ‘ఏమో, జరిగినదేమో’ అనుకొనును. ఆ ‘ఏమో’ అను మాటయే నేటి మన ప్రసంగమునకు విషయము.

ఐరోపా సాహిత్య విమర్శకులు ఆ మాటపై గొప్ప శాస్త్రమునే నిర్మించిరి. బల్గేరియాలో పుట్టి, ఫ్రెంచి భాషలో వ్రాసిన త్వెతాన్ తొదొరోవ్ అను పండితుడు 1970లో అద్భుత సాహిత్యమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. అతని సిద్ధాంతమును మన మాటలలో ఇట్లు చెప్పవచ్చును. కథలో ప్రకృతి ధర్మమునకు పొసగని సంఘటన యొకటి జరుగును. కడకు దానికి లౌకికమైన కారణము తెలిసినచో అది వింత. లౌకిక కారణము లేదని, వేఱొక ధర్మమే దానిని నడపుచున్నదని ఒప్పుకొన్నచో అది మహిమ. ఈ రెంటికి నడుమ, పాఠకుడు ఎటును తేల్చుకొనలేక ఊగిసలాడు నంతసేపు మాత్రమే అసలైన అద్భుతము నిలుచును. తేలిన క్షణముననే అది జాఱిపోవును.

ఈ కొలతకు చక్కగా సరిపోవు కథలు స్పెయిను దేశమున మునుపే పుట్టినవి. సెర్వాంతెస్ 1613లో వెలువరించిన కథా సంపుటములో రెండు కుక్కల సంభాషణ యొకటి కలదు. వయ్యదోలిద్ నగరమున ఆసుపత్రిలో చికిత్స పొందుచున్న సిపాయి యొకడు, రాత్రివేళ తన పడక ప్రక్కన రెండు కుక్కలు మనుష్యుల వలె మాటలాడుకొనుట విని, దానినంతయు వ్రాసిపెట్టెను. అది రోగపు మైకములో కలిగిన భ్రాంతియా, నిజమా? అతని మిత్రుడు వ్రాతప్రతిని చదివి, జరిగినదో లేదో తేల్చక, కల్పన బాగున్నదని మెచ్చుకొని, షికారు పోదము రమ్మనెను. కథ అంతటితో ముగిసినది. సందేహము నేటికిని ముగియలేదు.

గ్రీసు దేశమువారి తీరు వేఱు. నికొలాఓస్ పొలిటీస్ అను జానపద శాస్త్రవేత్త 1904లో ఆ జాతి ఐతిహ్యములను వేయికి పైగా సేకరించి ప్రకటించెను. ఊటలయొద్ద, నదులయొద్ద తిరుగాడు జలకన్యలు, పాడుపడిన కోటలలోని భూతములు, ఇట్టివెన్నియో అందు కలవు. ఆ కాలముననే స్కియాథోస్ ద్వీపవాసియైన పాపదియామాంతీస్, 1900లో, ‘అలలపై కల’ అను కథ వ్రాసెను. మేకల కాపరియైన బాలుడొకడు వెన్నెలలో సముద్రస్నానము చేయుచున్న బాలికను చూచును. ఆమె పొరుగింటి పిల్లయే. కాని ఆ వెన్నెలలో, ఆ నీటిలో, అతనికి జలకన్యయే కనబడును. మునిగిపోబోవుచున్న ఆమెను అతడు రక్షించును. తరువాత పట్టణమునకు పోయి, ఒక న్యాయవాది కచేరిలో గుమాస్తాయై, జీవితమంతయు ఆ రాత్రినే తలచుకొనును. ఈ కథలో దయ్యము లేదు, దేవత లేదు. ఊరివారి నోటిలోని ఐతిహ్యము ఒక కాపరి కన్నులను ఎట్లు తీర్చినదో అది మాత్రమే కలదు.

ఇక మన ఇంటికి వత్తము. అద్భుతమును శాస్త్రముగా ఆలోచించుటలో మనవారు వెనుకబడినవారు కారు. భరతుడు చెప్పిన ఎనిమిది రసములలో అద్భుతమొకటి. దానికి స్థాయిభావము విస్మయము. పదునాలుగవ శతాబ్దపు విశ్వనాథ కవిరాజు ‘సాహిత్యదర్పణము’న అద్భుతమునకు తోడగు వ్యభిచారిభావములను లెక్కించుచు వితర్కమును మొదట చెప్పెను. వితర్కమనగా ‘ఇది యిట్లగునా, అట్లగునా’ యను సందేహముతో కూడిన ఆలోచన. తొదొరోవ్ ప్రాణమని చెప్పినది సరిగా దీనినే. అయితే భేదమొకటి కలదు. మనవారి దృష్టిలో వితర్కము వచ్చి పోవునది, నిలుచునది విస్మయము. తొదొరోవ్ దృష్టిలో వితర్కము పోయినచో అద్భుతమే లేదు. అనగా, సమాధానము దొరకినను ఆశ్చర్యము చావదని మనవారు నమ్మిరి; సమాధానము దొరకినచో ఆశ్చర్యము చచ్చునని అతడు నమ్మెను.

ఏ కొలత సరియైనది? మన గ్రంథములనే అడిగి చూతము.

రాయల కావ్యముననే మాలదాసరి కథ కలదు. వేకువజామున స్వామిని పాడి సేవించుటకు పోవుచున్న భక్తుడు దారి తప్పి, అడవిలో మఱ్ఱిచెట్టు క్రింద బ్రహ్మరాక్షసునకు చిక్కును. పాట పాడి తిరిగి వత్తునని మాటయిచ్చి పోయి, చెప్పినట్లే ఆ రాక్షసుని నోటికి తిరిగి వచ్చును. ఆ సత్యమునకు చలించిన రాక్షసుడు, ఆహారము మాట మఱచి, అతని పాట ఫలమును యాచించి, శాపమునుండి విడివడును. ఇచట రాక్షసుడున్నాడా లేడా యను సందేహము ఎవ్వరికిని కలుగదు. తొదొరోవ్ కొలతకు ఇది మహిమయే. కాని, ప్రాణము దక్కినవాడు మరల మృత్యువు వద్దకు నడచి వచ్చుట చూచినపుడు కలుగు ఆశ్చర్యము ఎన్ని మాఱులు విన్నను తఱుగదు. రాక్షసుని కంటె ఆ దాసరియే పెద్ద అద్భుతము.

ఆ శతాబ్దముననే పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’ వ్రాసెను. బ్రహ్మ సరస్వతికి వినోదముగా ఒక కథ చెప్పును. తరువాత ఆ కథలోని వారందఱు భూమిపై పుట్టి, ఆ కథ యంతయు నిజముగా జరుగును. కథ ముందు, జీవితము వెనుక! స్పెయిను దేశపు ఉనమూనో 1914లో ప్రకటించిన నవలలో నాయకుడు రచయితను వెదకుకొని సలమాంకా నగరమునకు వచ్చి వాదించును. ‘నీవు నా కల్పనవు’ అని రచయిత యనగా, నీవు మాత్రము ఇంకొకరి కల్పనవు కావని నమ్మకమేమని అతడు ఎదురడుగును. ఆ సంవత్సరముననే కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ వెలువడినది. కళాపూర్ణోదయమును క్రొత్త దృష్టితో పరిశీలించిన విమర్శ యది. సలమాంకాలో ఆశ్చర్యము గొలిపిన ఊహ మనకు మూడున్నర శతాబ్దములకు ముందే కావ్యమై యున్నదని తెలిసికొనుట ఆనందదాయకము. అయినను గర్వపడుటకు ముందు ఒక భేదము గమనింపవలెను. సూరన కథలో బ్రహ్మ మాటపై ఎవ్వరికిని అనుమానము రాదు. ఉనమూనో కథలో సృష్టికర్తయే అనుమానములో పడును.

ఆ అనుమానమును తెలుగున ప్రవేశపెట్టినవాడు మన కృష్ణా మండలపువాడే. విశ్వనాథ సత్యనారాయణ 1895లో నందమూరులో జన్మించెను. బందరులో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి శిష్యుడై చదివెను. ఆ పట్టణముననే జాతీయ కళాశాలలో కొంతకాలము బోధించెను. ఇంగ్లీషు చదువు, సంస్కృత సంస్కారము ఒకే తలలో తలపడిన తరము అతనిది. ‘హాహాహూహూ’ అను చిన్న నవలలో గుఱ్ఱపు తల గల గంధర్వుడొకడు ఱెక్క దెబ్బతిని లండను నగరమున పడును. ఆ నగరవాసులు అతనిని జంతువని తలచి బోనులో ఉంచుదురు. గంధర్వుడు సంస్కృతమున మాటలాడుచు వారి శాస్త్రజ్ఞానమునే ప్రశ్నించును. మనకు గంధర్వుడు పురాణములలో పరిచితుడే. లండనువారికి అతడు అసంభవము. ఒకే ప్రాణి ఒక కంటికి మహిమ, ఒక కంటికి వింత. తొదొరోవ్ పాఠకుని మనస్సులో ఉంచిన ఊగిసలాటను విశ్వనాథ రెండు నాగరికతల నడుమ ఉంచెను. అదియు తొదొరోవ్ గ్రంథము పుట్టుటకు పూర్వమే.

‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’లో పంచతంత్రకర్తయైన విష్ణుశర్మయు, తిక్కన సోమయాజియు ఇంగ్లీషు నేర్పుమని ఒక అధ్యాపకుని కలలోనికి వత్తురు. వెనుక తిక్కన కలలోనికి దేవుడు వచ్చెను. ఇపుడు తిక్కనయే ఒకరి కలలోనికి వచ్చెను. కాని దేవుడు వరమిచ్చుటకు రాగా, తిక్కన వ్యాకరణపు సందేహములతో వచ్చెను. మనము నవ్వుదుము. నవ్వుచునే, మన పిల్లలకు మనమేమి చదువు చెప్పుచున్నామని దిగులుపడుదుము. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును అడవి బాపిరాజు ‘నారాయణరావు’తో పంచుకొన్న ‘వేయిపడగలు’ నవలలోనైతే నవ్వు తక్కువ. కలలో కనబడిన వేయిపడగల సర్పమునకు కాలక్రమమున పడగలు తఱిగి రెండే మిగులును. ఆ రెండు దాంపత్య ధర్మమునకు గుర్తు. ఆ గ్రామమున అప్పులు, దావాలు, పెండ్లిండ్లు అన్నియు మనమెఱిగినట్లే జరుగును. వాని నడుమ పాము పోలికలు గల పసరిక యను బాలుడు తిరుగాడును. ఆ బాలుడెవ్వడని తేల్చి చెప్పుట కష్టము. తేల్చకుండుటయే ఆ నవలకు బలము.

పండితులు చదువు గ్రంథములు ఇవి. ఇంటింట చదివిన అద్భుతము వేఱు. మధిర సుబ్బన్న దీక్షితులు పండ్రెండు సంపుటములుగా వ్రాసిన ‘కాశీమజిలీ కథలు’ తెలుగిండ్లలో పురాణముల ప్రక్కన చోటు సంపాదించినవి. కాశికి పోవు యతి, వెంట వచ్చిన గోపబాలుడు దారిలో చూచిన వింతకెల్ల మజిలీలో ఒక కథ చెప్పును. పింగళి నాగేంద్రరావు రచనతో, కె.వి. రెడ్డి దర్శకత్వమున 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ చిత్రమునకు ఆ కథల గాలి సోకినది. పింగళి బందరులో పెరిగినవాడు; ఆ చిత్ర నాయకుడు నందమూరి తారక రామారావు పామఱ్ఱు చేరువలోని నిమ్మకూరువాడు. 1947లో ఆరంభమైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యము వ్రాసిన ‘తోకచుక్క’ మొదలగు ధారావాహికలకై పిల్లలు నెలనెలా ఎదురుచూచిరి. చాలకాలము రచయిత పేరైన ఎఱుగకయే చదివిరి.

ఇంత సంపద యుండియు దీనిని మనము ఎట్లు చూచితిమి? పిల్లల కాలక్షేపమని ఒక మూలను పెట్టితిమి. పెద్దలలో ఒక వర్గమువారు ‘అంతయు అబద్ధము’ అని కొట్టివేసిరి. ఇంకొక వర్గమువారు ‘అంతయు అక్షరాల నిజము’ అని కోపగించిరి. ఈ ఇరువురును తెలియకయే ఒక పని చేసిరి: వితర్కమును చంపిరి. మొదటివారి చేతిలో విస్మయము కూడ చచ్చినది. రెండవవారి చేతిలో కథ ఆజ్ఞగా మాఱినది.

ఉయ్యూరులో మాఘమాసమున వీరమ్మతల్లి తిరునాళ్లు జరుగును. అచటికి పోయిన వారిలో ఆమె చరిత్రను నిస్సంశయముగా నమ్మువారు కలరు, సంసారమున ఒక స్త్రీ పడిన దుఃఖముగా తలచువారు కలరు. ఒకే జనసమూహమున, ఒకే ఇంటివారిలో, ఒక్కొక్కప్పుడు ఒకే మనస్సులో ఈ రెండును ఇముడును. భక్తి విషయమును కథా విషయముతో కలుపుట నా ఉద్దేశము కాదు. రెండు తలపులను పక్కపక్కన ఉంచుకొని మసలుట మన పల్లెకు అలవాటే యని మాత్రమే నా మనవి.

‘ఆకాశవాణి’ యను మాట పురాణములలో అదృశ్యమైన దివ్యస్వరము. ఆ పేరుతోనే ఇంటి మూలనున్న పెట్టె మనతో మాటలాడినది. మొదటి దినమున ఇంటిల్లిపాదియు నోరు తెఱచి విన్నారు. తరువాత విద్యుత్తరంగముల సంగతి తెలిసినది. తెలిసినంత మాత్రమున, చీకటిలో దూరమునుండి వచ్చిన గొంతు మన చెవిలో పలికినపుడు కలుగు పులకరింత పోయినదా? పోలేదు గదా. మన ఆలంకారికులు చెప్పినదే అచట నిలిచినది: వితర్కము తీఱినను విస్మయము మిగులును.

కావున ఈ రాత్రి మీ యింట ఏ బాలుడైనను కథ విని ‘అది నిజమేనా?’ అని యడిగినచో, అవునని గాని కాదని గాని త్వరపడి చెప్పవలదు. ‘నీకేమి తోచినది?’ అని తిరిగి యడుగుడు. రాయల కల శ్రీకాకుళము కోవెల నీడలో నేటికిని తేలకయే యున్నది. అందుచేతనే దానిని మనమింకను చెప్పుకొనుచున్నాము.